పహరా జాబితాలో లేని పేర్లు

భైంసాలో సోషియాలజీ చదువుతానన్న పిల్లకు ఇంట్లో రెండు ప్రశ్నలు తప్పవు. మొదటిది బాపు అడుగుతాడు: "గీ సదువుకు నౌకరి ఏడ దొర్కుతది బిడ్డా?" రెండోది అవ్వ అడుగుతుంది, పుస్తకాలు ఇంటికొచ్చాక, తీరిగ్గా: "గిండ్ల దేవుడున్నడంటరా, లేడంటరా?" మా ఇంట్లో రెండూ అడిగారు. ఇప్పుడు డిగ్రీ కాలేజీలో అదే పాఠం చెబుతున్నాను కనుక అడ్మిషన్ల రోజుల్లో ఎవరో ఒకరి బాపు నోట మొదటి ప్రశ్న వింటూనే ఉంటాను. రెండోది మాత్రం పిల్లలే అడుగుతారు. అదీ క్లాసులో కాదు, సాయంత్రం నాతో పాటు బస్టాండు దాకా నడుస్తూ, పక్కన ఎవరూ లేకుండా చూసుకుని.

మొదటిదానికి జవాబు చెప్పడం నాకు అలవాటైపోయింది. ఎంఏకి కాకతీయకో ఉస్మానియాకో పోవచ్చు. నెట్టో సెట్టో గట్టెక్కితే లెక్చరర్ పోస్టులకు అర్హత. ఎంఎస్‌డబ్ల్యూ చేసినవాళ్లు ఆసుపత్రుల్లో, సఖి కేంద్రాల్లో కౌన్సెలర్లుగా కుదురుతున్నారు. ఐకేపీలో, పంచాయతీల్లో, ఐసీడీఎస్‌లో మా పిల్లలు ఉన్నారు. సివిల్స్‌లో సోషియాలజీని ఐచ్ఛికంగా తీసుకుంటే 500 మార్కులు దానివే. గ్రూప్-1 మెయిన్స్‌లో భారత సమాజానికి ఒక పేపర్లో చోటుంది. అందుకే డిగ్రీలో దాని ముఖం చూడనివాళ్లు కూడా హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో కూర్చుని బట్టీ పడుతుంటారు. ఇక సర్వే సంస్థలకు ఫారాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే పని ఉండనే ఉంది. నేను మొదట చేసింది అదే. జీతం బస్సు కిరాయికి, జొన్నరొట్టెకి సరిపోయేది. ఇదంతా విని తండ్రులు తల ఊపుతారు, పక్క బల్ల మీద బీకాం ఫారం కూడా ఒకటి తీసుకుంటారు. వాళ్లను తప్పు పట్టను.

ఈ రెండు ప్రశ్నలూ నిజానికి దూరపు చుట్టాలు కావు. 1917 నవంబరులో మ్యూనిక్‌లో జర్మన్ సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్ విద్యార్థుల ముందు ఒక ఉపన్యాసం ఇచ్చాడు, విద్యను వృత్తిగా తీసుకోవడం గురించి. యుద్ధం నడుస్తోంది, దారి చూపే మాట ఏదో చెబుతాడని వచ్చారు కుర్రాళ్లు. ఆయన మొదలుపెట్టింది నౌకరీ సంగతితో. చేరిన కొత్తలో జీతం వస్తుందా, పర్మనెంటు అవుతుందా, అందులో అదృష్టం వాటా ఎంత. మా కాంట్రాక్టు లెక్చరర్ల సంఘం మీటింగులో కూర్చున్నట్టే ఉంటుంది ఆ మొదటి పేజీలు చదువుతుంటే. చివరికొచ్చేసరికి అసలు మాట చెప్పాడు: ఎలా బతకాలి, దేన్ని కొలవాలి అన్నదానికి శాస్త్రం జవాబివ్వదు, తట్టుకోలేనివాళ్లకు చర్చి తలుపులు తెరిచే ఉన్నాయి. మతం విషయంలో తనకు సంగీతజ్ఞానం లేదని అంతకు ముందే ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. చెవి లేదన్నాడే గాని పాట లేదనలేదు.

మా అవ్వకు ఆ చెవి ఉంది. నాకూ ఉంది. అందుకే ఈ చదువు నన్ను ఇబ్బంది పెట్టింది.

మా ప్రాంతం సంగతి కొంచెం చెప్పాలి. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు నాందేడ్ జిల్లాలోని ముధోల్ తాలూకా నుంచి ముధోల్, భైంసా, కుబీర్ సర్కిళ్లు ఇటు తెలుగు రాష్ట్రం వైపు వచ్చాయి. కాగితాల మీద రాష్ట్రం మారింది, కీర్తన మారలేదు. అడ్తి దుకాణంలో మరాఠీ, మార్కెట్లో ఉర్దూ, ఇంట్లో తెలుగు మా దగ్గర వింత కాదు. బాసర సరస్వతి మాకు ఎంత దగ్గరో పండరి విఠోబా అంత దగ్గర. ఊళ్లల్లో అఖండ హరినామ సప్తాహం జరుగుతుంది: తెల్లవారుజామున కాకడ హారతి, పగలు జ్ఞానేశ్వరి పారాయణం, సాయంత్రం హరిపాఠం, రాత్రి కీర్తన. ఏడు రోజులూ వీణ కింద పెట్టకూడదు. ఒకరి మెడలోంచి ఇంకొకరి మెడలోకి మారాలి, రాత్రీ పగలూ. దాన్ని వీణ పహరా అంటారు. పహరాకు పేర్లు రాసిన జాబితా ఒకటి గుడి గోడకు అంటిస్తారు.

కుబీర్ తోవలో ఉన్న మా అవ్వగారి ఊళ్లో ఆ జాబితా రాసేది బాపు. అడ్తిలో గుమాస్తా కాబట్టి చేతిరాత బాగుంటుందని ఆయనకు అప్పగించారు. స్కేలు పెట్టి గీతలు గీసేవాడు. ఎడమవైపు వేళ, కుడివైపు పేరు. రెండేసి గంటల చొప్పున రోజుకు పన్నెండు పహరాలు, ఏడు రోజులకు 84. పత్తి చిట్టీలు రాసిన బాల్‌పెన్నుతోనే రాసేవాడు గాని పైన "రామకృష్ణ హరి" అన్నది మాత్రం ఎర్ర సిరాతో.

ఎంఏ మొదటి ఏడు డర్కైమ్‌ను చదివి ఆ సప్తాహానికి వచ్చాను. ఎమిల్ డర్కైమ్ రబ్బీల ఇంట పుట్టి ఆ తోవ వదిలిన ఫ్రెంచి పండితుడు. 1912లో మతజీవనపు మూలరూపాల మీద పెద్ద గ్రంథం రాశాడు, ఆస్ట్రేలియా ఆదివాసుల గురించి. ఆస్ట్రేలియా మాత్రం పోలేదు. ఆయన చెప్పేది క్లుప్తంగా: మనుషులు లోకాన్ని పవిత్రం, లౌకికం అని రెండుగా విడదీస్తారు, పది మంది కూడినప్పుడు ఒక్కొక్కరిలో లేని బలమేదో అందరినీ ఆవహిస్తుంది, ఆ బలాన్ని జనం దేవుడంటారు, అసలు అది సమాజమే. వీణ కింద తగలకూడదన్న మాట, అర్ధరాత్రి చప్పట్లతో గుడి కప్పు అదిరేటప్పుడు ఒళ్లు జలదరించడం, అన్నీ ఆ పుస్తకంలో ముందే రాసి ఉన్నట్టు కనిపించాయి. ఆ రాత్రి కీర్తనలో నిలబడి నేను పాడుతూనే ఉన్నాను, ఆయన నా పక్కన నిలబడి నోటు రాసుకుంటూనే ఉన్నాడు.

పొద్దున జాబితా ముందు నిలబడ్డాను. చిన్నప్పటి నుంచీ బాపు రాత చూసి మురిసిన గోడే. ఆ రోజు ఉన్న పేర్లు వదిలి లేని పేర్లు వెతకడం మొదలుపెట్టాను. ఊరి అవతలి వాడ నుంచి ఒక్క పేరు లేదు. చందా పుస్తకంలో ఉన్నారు. సప్తాహం ముగిసే కాలా రోజు మహాప్రసాదానికి వస్తారు, వేరే పంక్తిలో కూర్చుంటారు. ఆడవాళ్ల పేర్లు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య మాత్రమే, మగవాళ్లు కునుకు తీసే వేళకి. షామియానా వేసి మైకుసెట్టు నడిపే ముస్లిం అన్న ఏడు రాత్రులూ గుడి వెనకే పడుకుంటాడు. కీర్తనకారుడి గొంతు బొంగురుపోతే ఏ బటన్ తిప్పాలో ఆయనకే తెలుసు. ఆయన పేరు జాబితాలో ఉండాలని ఎవరూ అనుకోరు, ఆయన కూడా. సామాన్ల ఖర్చు కాగితంలో ఉంది.

డర్కైమ్ అన్నది నిజమైతే ఆ గోడ మీద ఉన్నదే మా దేవుడి కొలత. 84 గళ్లలో పట్టినంత దేవుడు.

అవ్వకు ఇది చెప్పాను. పప్పు గుండిగల దగ్గర ఉంది, చేతినిండా పని. "పేర్లు రాసింది మీ బాపు. ఇఠోబ గాదు" అన్నది. అంతే, మళ్లీ పప్పు కలిపింది.

ఆ మాటకు విలువ కట్టడానికి నాకు చాలా పుస్తకాలు పట్టాయి. దేవుడికీ దేవుణ్ణి కొలిచే గుంపుకూ నడుమ ఎడం ఉందంటున్నది ఆమె. ఆ ఎడం లేదనేది మా శాస్త్రంలో ఒక పెద్ద వాదం. పండరిలో చోఖామేళా సమాధి గుడి బయట, నామదేవుడి మెట్టు దగ్గర ఉంటుంది. ఆయన మహార్, 14వ శతాబ్దపు సంతు. ఆయన పదాలు లోపల పాడారు, ఆయన కులాన్ని లోపలికి రానీయలేదు. 1947లో సానే గురూజీ నిరాహార దీక్షకు కూర్చున్నాక గాని ఆ తలుపులు దళితులకు తెరుచుకోలేదు. దేవుడంటే అచ్చంగా సమాజమే అయితే, సమాజమంతా ఒకవైపు ఉన్నప్పుడు ఆ బక్క మాస్టారు ఎవరి బలంతో ఎదురు కూర్చున్నాడు? డర్కైమ్ దీనికీ ఒక సమాధానం పెట్టుకున్నాడు, కాదనను: సమాజమంటే ఉన్న జనమే కాదు, తను ఎలా ఉండాలనుకుంటుందో ఆ కల కూడా అందులో భాగమే అంటాడు. మంచిదే. కాని ఆ కలను అవ్వ విఠోబా అంటే తప్పేమిటో ఆయన చెప్పలేదు.

ఈ ఇబ్బందిని నాకన్నా ముందు, నాకన్నా బాగా పడిన మనిషి ఇరావతీ కర్వే. పుణె దక్కన్ కాలేజీలో పాఠాలు చెప్పిన సమాజశాస్త్రవేత్త, యుగాంత రాసినావిడ. దిండీతో, అంటే కాలినడక భజన బృందంతో, పండరికి నడిచి, ఆ నడక మీద ఒక వ్యాసం రాసింది. బ్రాహ్మణులు, మరాఠాలు ఒకే దిండీలో ఒకే అభంగాలు పాడుతూ నడిచి, వంట దగ్గర మాత్రం వేరైపోవడం చూసి ఆమెకు కష్టం తోచింది. అవతలివాళ్లతో కూర్చుని తిన్నది. నడక మానలేదు, కష్టాన్ని దాచనూ లేదు. కొలతబద్దా తాళాలూ ఒకే సంచిలో వేసుకుని నడవవచ్చని ఆ వ్యాసం చదివాకే నాకు ధైర్యం వచ్చింది. పీటర్ బర్గర్ అని ఇంకొకాయన, 1967లో రాసిన పుస్తకంలో, పని చేస్తున్నంతసేపూ సమాజశాస్త్రవేత్త దేవుణ్ణి లెక్కలోకి తీసుకోకూడదన్నాడు. రెండేళ్లకే ఇంకో పుస్తకం రాసి, మామూలు బతుకులోనే దేవుడి జాడలు వెతుక్కోవచ్చన్నాడు. ఆఫీసుకు ఒక చొక్కా, ఇంటికి ఒక చొక్కా. నాకది అంతగా నచ్చలేదు.

నచ్చిన దారి అంబేడ్కర్‌ది. 1916 మేలో, పాతికేళ్ల వయసులో, కొలంబియా విశ్వవిద్యాలయంలో కులాల పుట్టుక మీద వ్యాసం చదివాడు. అది పక్కా శాస్త్రం: కులం లోపలి పెళ్లిళ్ల కట్టుబాటు ఎలా నిలబడిందో విప్పి చూపాడు. అంత విప్పినవాడు చివరికి మతమే వద్దనాలి కదా. అనలేదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నాడు, లక్షల మందితో. మా సర్కిళ్లు నాందేడ్ నుంచి ఇటు వచ్చింది ఆ తర్వాత పద్దెనిమిది రోజులకే. ఆ ఏడు మా ఊళ్లల్లో రాష్ట్రం మారినవాళ్లు కొందరు, మతం కూడా మారినవాళ్లు కొందరు. మతం మనుషులను ఎలా కూర్చోబెడుతుందో తెలిసినవాడు కాబట్టే, అందరినీ ఒకే వరసలో కూర్చోబెట్టే మతాన్ని ఎంచుకున్నాడు. జాబితా ఎవరు రాస్తారో చూసి మరీ గుడి మార్చుకున్న సమాజశాస్త్రవేత్త ఆయన. ఈ మాట క్లాసులో అంటే ముందు బెంచీల్లో కొందరు నవ్వుతారు, వెనక బెంచీల్లో కొందరు రాసుకుంటారు. ఎవరు ఎక్కడ కూర్చున్నారో నేను రాసుకుంటాను.

శాస్త్రం చెప్పలేని చోటు కూడా ఉంది. మా బాపు పనిచేసిన రోజుల్లో మార్కెట్లో సోయా బస్తాల థప్పి కూలి ఒక హమాలీ చనిపోయాడు. ఎందుకు కూలిందో అందరికీ తెలుసు: కింద నేల తడి, అడుగు వరస బస్తాలు మెత్తబడ్డాయి, పైన హద్దుకు మించి పేర్చారు. ఆయన భార్య మాత్రం ఒకే మాట అడిగింది, ఆయన చాయ తాగడానికి దాని నీడలో కూర్చున్నప్పుడే ఎందుకు కూలాలి అని. అచ్చం ఇదే ప్రశ్న మానవశాస్త్రవేత్త ఇవాన్స్-ప్రిచర్డ్ రాసి 1937లో అచ్చయిన పుస్తకంలో ఉంది. ఆఫ్రికాలో అజాందే జనం గాదె కింద నీడకు కూర్చుంటారు. చెద తిన్న గుంజలు విరిగి గాదె మీద పడుతుంది. చెద సంగతి వాళ్లకు తెలియక కాదు. ఆ మనుషులు, ఆ వేళ, ఎందుకు? వాళ్లు దానికి చేతబడి అన్నారు. మనం కర్మ అంటాం, రాత అంటాం, అల్లా మర్జీ అంటాం. ఇంగ్లీషు చదువు చదివినవాళ్లు యాదృచ్ఛికం అంటారు, అదేదో జవాబైనట్టు. ఇవాన్స్-ప్రిచర్డ్ ఆ తర్వాత 1944లో కాథలిక్ అయ్యాడు.

ఇక భైంసా అనగానే బయటివాళ్లకు గుర్తొచ్చేది. హైదరాబాద్ హాస్టల్లో ఊరి పేరు చెబితే ఎదుటివాళ్ల ముఖం మారేది. 2008 అక్టోబరులో దుర్గమ్మ నిమజ్జనం ఊరేగింపు వేళ మొదలైన అల్లర్లు, ఆ వెంటనే వట్టోలిలో ఒకే ఇంట ఆరుగురు కాలిపోవడం, 2020 జనవరి, 2021 మార్చి అల్లర్లు. ఎవరిది ముందు, ఎవరిది వెనక అన్న పంచాయితీ ఇప్పటికీ చాయ హోటళ్లలో తెగదు. ఇక్కడ దాన్ని తెంపబోను. నా చదువు నన్ను ఇంకోటి చూడమంటుంది. డర్కైమ్ చెప్పిన ఆ బలం, పది మంది కూడితే ఒంట్లోకి వచ్చేది, కీర్తనలోనూ వస్తుంది, రాయి పట్టుకున్న గుంపులోనూ వస్తుంది. ఒళ్లు జలదరించడంలో తేడా లేదు. అది తెలిశాక, నాకు కలిగిన పులకింత పవిత్రమైంది అనడానికి పులకింత ఒక్కటే సాక్ష్యం కాదు. భక్తులకు సమాజశాస్త్రం చేసే ఉపకారం ఇదే అనుకుంటాను. నమ్మకాన్ని తీసుకుపోదు. చూడకుండా నమ్మే సౌకర్యాన్ని తీసుకుపోతుంది.

రాజనీతి శాస్త్రవేత్త అశుతోష్ వార్ష్నే 2002లో ఒక పుస్తకం తెచ్చాడు, అల్లర్లు జరిగే నగరాలను జరగని నగరాల పక్కన పెట్టి. అలీగఢ్ పక్కన కాలికట్, హైదరాబాద్ పక్కన లక్నో. ఇరుగుపొరుగు పలకరింపులు మంచివే గాని పెద్ద గాలి వస్తే నిలవవు. హిందువులూ ముస్లింలూ ఇద్దరూ సభ్యులైన వ్యాపార సంఘాలు, కార్మిక సంఘాలు ఉన్న ఊరు నిలుస్తుందని తేల్చాడు. భైంసా మార్కెట్ తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. పత్తి కొనేవాడికి అమ్మేవాడి మతం కన్నా దూదిలో తేమ ముఖ్యం. ఎనిమిది శాతమా, పన్నెండా అని గొడవపడి, తిట్టుకుని, మళ్లీ మర్నాడు అదే కాంటా దగ్గర నిలబడతారు. గొడవపడటానికి ఒక జాగా ఉండటమే పెద్ద అదృష్టం. పండుగలకు అలాంటి జాగా తగ్గిపోయింది. పీర్ల పండుగకు అలావ గుండం చుట్టూ అందరూ ఆడిన ఊళ్లల్లో కూడా ఇప్పుడు ఎవరి పండుగ వాళ్లదే, ఎవరి డీజే వాళ్లదే.

సర్వే పనిలో ఉట్నూరు వైపు తిరిగినప్పుడు మతం గడి దగ్గర కలం ఆగేది. 2011 జనగణన ఫారంలో ఆరు మతాలకు అంకెలు ఉన్నాయి, మిగతా మతాలకు పేరు రాయాలి. మా ఫారమూ దాని బాటే. గోండు పెద్దాయన ఒకరు తమ పెద్ద దేవుడు పెర్సపేన్ అని, గోత్రం లాంటి తమ సగ అని ఓపికగా చెప్పుకుంటూ పోయాడు. తనకు ఎంతమంది దేవుళ్లో చెబితే ఎవరింట పిల్లను తెచ్చుకోవచ్చో తెలిసిపోతుంది. మతమూ చుట్టరికమూ విడివిడి గళ్లు కావు ఆయనకు. పక్కనున్న కుర్రాడు "హిందూ అని రాయండి మేడం, స్కాలర్‌షిప్పుకు తక్లీఫ్ ఉండదు" అన్నాడు. ఆయన చెప్పిందే రాశాను. గడిలో పట్టలేదు, అంచు మీదికి పోయింది. ఆఫీసులో ఎంట్రీ చేసేవాళ్లు "ఇతర" అని కొట్టారు. ఆ కొండల్లోనే 1940లలో హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త గోండుల మధ్య ఉండి, వాళ్ల దేవుళ్లనీ వాళ్ల భూముల గోసనీ ఒకే నోటుపుస్తకంలో రాశాడు. జోడేఘాట్‌లో కుమ్రం భీం చంపబడ్డ తర్వాత నిజాం సర్కారుకు ఆ రాతలు కావాల్సి వచ్చాయి. మార్లవాయిలో గోండి వాచకాలతో బడి నడిచింది. ఆయనా ఆయన భార్య బెట్టీ సమాధులు ఇప్పుడు అక్కడే ఉన్నాయి. ఈ చదువుకు నౌకరి ఏడ ఉందని అడిగే బాపులకు ఆ ఊరి పేరు చెబుతుంటాను. వాళ్లకు అది జవాబు కాదని తెలిసే చెబుతాను.

బాపు పోయాక జాబితా రాసే పని నా మీద పడింది, అదే చేతిరాత అని. కిందటి సప్తాహానికి ముందు కమిటీవాళ్లతో అన్నాను: అవతలి వాడను కూడా అడిగి రాస్తానని. ఒకరిద్దరు నేల చూపులు చూశారు. ఒక పెద్దాయన మాత్రం "రాస్తే రాయిగాని, ఆళ్లు పడ్తరా? ఆళ్లకు బుద్ధుడున్నడు గద" అన్నాడు. అందులో సగం వంక, సగం నిజం. వాడకు పోయి అడిగితే అక్కడి పడుచువాళ్లు నన్నే అడిగారు, ఇన్నేళ్లు పిలవని వీణను ఇప్పుడు మోయడానికి మేమెందుకు రావాలి మేడం అని. దానికి నా సిలబస్‌లో జవాబు లేదు. ముసలాయన ఒకరు, పాత అభంగాలు నోటికొచ్చినాయన, ఏ వేళకు ఖాళీ ఉందని అడిగాడు.

అవ్వకు చెప్పాను. ఆమె నన్ను మెచ్చుకోలేదు. "రాత్రి రెండు గొట్టంగ పహరాకు యేటా ఎవ్వలు రారు. పేరుంటది, మనిషుండడు. ఆఖరికి నేనో, మైకుసెట్టు పిలగాడో గుంజుకస్తం ఎవల్నన్న నిద్రల నుంచి. ఎవల పేర్లు లెవ్వో సూసినవ్. గా రెండు గంటలకు ఎవలుంటలేరో సూడలే" అన్నది. ఆ గడిలో నా పేరు రాయమన్నది. ఆడవాళ్లకు రాత్రి పహరా లేదు కదా అంటే, రాసేది నువ్వే కదా అన్నది.

రెండింటి మీదా, అంటే ముసలాయన వేళ మీదా నా వేళ మీదా, కమిటీ ఇంకా ఏమీ తేల్చలేదు. పత్తి ఏరుడు అయినంక కూర్చుందామన్నారు.